తాతగారి తూటాల పెట్టెకు పాలిష్ పెట్టించవచ్చా?

అటక మీద దొరికిన చెక్క తూటాల పెట్టెకు పాలిష్ పెట్టించి హాల్లో పెట్టుకుంటే బాగుంటుందా, మూత మీది తెల్లక్షరాలు పోతాయా అని అడిగారు. పోతాయండి. దయచేసి పాలిష్ పెట్టించకండి. నేను పెట్టించి పోగొట్టుకున్నాను.

మాది మిలిటరీ మాధవరానికి దగ్గర్లోని పల్లె. మా తాతగారు రెండో ప్రపంచయుద్ధంలో పనిచేశారు. ఆయన తెచ్చుకున్న పెట్టెలు ఇంట్లో రెండుండేవి. పదిహేనేళ్ల కిందట ఒకటి వడ్రంగికి ఇస్తే, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, వార్నిష్ వేసి, కొత్త కాపురానికి కొన్న సామానులా తెచ్చాడు. పాపం, అతని పని అతను చక్కగానే చేశాడు. మా నాయనమ్మ మాత్రం మూత మీద చెయ్యి వేసి, "అక్షరాలేవిరా?" అంది. నా దగ్గర సమాధానం లేదు.

పెట్టె జాతకమంతా ఆ అక్షరాల్లోనే ఉంటుంది. మూడు గీతలు ఒకచోట కలిసి కాకికాలి ముద్రలా కనిపిస్తే, అది బ్రిటిష్ ప్రభుత్వపు సొత్తు అని గుర్తు. దాంతోపాటు 'ఐ' అక్షరం ఉంటే ఇండియా లెక్కలోది. '303' అంటే లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ తూటా, 0.303 అంగుళాల కొలత. 'కె.ఎఫ్.' అనేది పుణె దగ్గర ఖడ్కీలో 1869లో మొదలైన తూటాల ఫ్యాక్టరీ గుర్తు. అందుకే తుడిచే ముందే గది చీకటి చేసి, ఫోన్ టార్చ్‌ని మూతకు పక్కనుంచి వాలుగా పట్టి ఫొటోలు తీయండి. మామూలు వెలుగులో కనిపించని అంకెలు కూడా తేలతాయి. మా రెండో పెట్టె మీద '1942' అని ఉన్నట్టు నాకు అలాగే తెలిసింది.

ఇంకా ముందు చేయాల్సింది ఒకటుంది. లోపల ఏముందో చూడండి. ఇలాంటి కొన్ని పెట్టెల్లో తేమ తగలకుండా రేకు తొడుగు ఉంటుంది. చింపిన రేకు అంచు బ్లేడు లాంటిది, చేతులకు గ్లౌజులు వేసుకోండి. మాకు ఒక మూలలో ఐదు తూటాలు పట్టే ఖాళీ క్లిప్పు దొరికింది, అంతే. మీకు తూటా కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, కదపవద్దు, ఎన్నేళ్ల పాతదైనా సరే. పిల్లల్ని దూరంగా పంపి 112కి ఫోన్ చేయండి. ఖాళీ పెట్టె ఉంచుకుంటే తంటా లేదు కానీ, లైసెన్సు లేకుండా ఒక్క తూటా ఉన్నా 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరమే.

ఇక శుభ్రం చేయడం. తడిగుడ్డ వద్దు, సబ్బు అసలే వద్దు. మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి, సందుల్లోది కూడా. పాత రంగుల్లో సీసం కలిసే అవకాశం ఎక్కువ. గీకితే ఆ పొడి ఊపిరితో లోపలికి పోతుంది. మా బంధువుల ఇంట్లో ఇలాంటి పెట్టెలో పప్పులు పోసుకునేవారు. ఆ పని అస్సలు చేయకండి. రంగు పెచ్చులు లేవకుండా గట్టిగా ఉన్నచోట మైక్రోక్రిస్టలిన్ వ్యాక్స్ (పెట్రోలియం నుంచి తీసే ఒకరకం మైనం) పలచగా రాసి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. మ్యూజియాల్లో వాడేది అదే. ముందు అడుగువైపు ఒక మూల రాసి, రంగు గుడ్డకు అంటడం లేదని చూసుకోండి. కొబ్బరినూనె రాయమని చాలామంది చెబుతారు. రాసిన రోజు బాగానే ఉంటుంది, నెల తిరిగేసరికి జిడ్డుకు దుమ్ము పట్టి అక్షరాలు నల్లబడతాయి.

తాడు పిడులు పట్టుకుని పెట్టెను ఎత్తకండి, ఎండిన తాడు పుటుక్కున తెగుతుంది. అడుగున రెండు చేతులూ పెట్టి ఎత్తాలి.

చెక్కకు అసలు శత్రువు పురుగు. పెట్టె కింద తెల్లకాగితం పరిచి వారం ఆగండి. కాగితం మీద పిండిలాంటి పొడి రాలితే పుచ్చుపురుగు ఇంకా తింటోందని అర్థం. అప్పుడు చెక్కపురుగుల మందును సిరంజితో చిల్లుల్లోకి ఎక్కించాలి. ఈ పని ఇంటి బయట చేసి, ఆరాకే లోపలికి తేవాలి. పొడి రాలకపోతే ఆ చిల్లులు పాతవి, వదిలేయండి. చెదలు రాకుండా నేను పెట్టెను ఇనుప స్టాండు మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టాను.

ఇనప రేకు పెట్టెలు ఉన్నవాళ్లకు ఒక మాట. వాటి మూతకు రబ్బరు పట్టీ ఉంటుంది. గాలి చొరబడకుండా బిగుస్తుంది కాబట్టి మంచిదే అనుకుంటాం. వానాకాలంలో మూసిపెడితే లోపలి తేమ అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. విశాఖలో సముద్రపు గాలికి మా తమ్ముడి పెట్టె రెండేళ్లలో అలాగే పాడైంది. మూత బిగించకండి, లోపల తేమ పీల్చే సిలికాజెల్ సంచులు వేసి అప్పుడప్పుడూ మార్చండి.

హాల్లో పడమటి కిటికీ ఎండ పడని చోటు చూసుకోండి, ఎండకు మూత మీది అక్షరాల రంగు వెలిసిపోతుంది. మీ తాతగారి ఫొటో, మెడల్స్ పెట్టెలోనే పెట్టాలనిపిస్తుంది. మూసిన చెక్కపెట్టెలో ఆమ్లపు ఆవిర్లు చేరి పాత కాగితం, లోహం పాడవుతాయి. నేను ఫొటో కాపీ తీయించి పెట్టె పైన గోడకు తగిలించాను. ఆ ఖాళీ క్లిప్పు దాని కిందే, చిన్న గాజు ఫ్రేములో ఉంది.