గంట రేసులో పిట్‌కి ఎప్పుడు వెళ్లాలి? పదో లాప్‌కే టైర్లు ఎందుకు పోతున్నాయి?

అసెట్టో కోర్సా కాంపిటిజియోనె అనే కార్ రేసు గేమ్‌లో బెల్జియంలోని స్పా ట్రాక్ మీద గంట రేసు, ఒక పిట్ స్టాప్ (టైర్లు, పెట్రోలు కోసం పక్కకి వెళ్లి ఆగడం) తప్పనిసరి. పదో లాప్ దాటాక లాప్‌కి సెకను పైగా పోతోంది, టైర్లు అరిగిపోతున్నట్టున్నాయి, తొందరగా పిట్‌కి వెళ్లిపోనా అని మీరు అడిగారు. నాకైతే మీ టైర్లు అరగడం కన్నా వేడెక్కడమే ఎక్కువ జరుగుతోందని అనుమానం.

పొడి ట్రాక్ మీద జీటీ3 తరగతి రేసు కార్ల టైర్లు ఒక సెట్టు గంటసేపు బాగానే నిలబడతాయి. మీ అనుమానం తేల్చుకోవడం కూడా సులువే. ప్రాక్టీస్‌లో మీ మామూలు ధోరణిలో పన్నెండు లాప్‌లు నడపండి. టైమ్ పడిపోయాక రెండు లాప్‌లు మెత్తగా, టైరు కుయ్యిమనకుండా తిప్పి, మూడో లాప్ మళ్లీ గట్టిగా లాగండి. పాత టైమ్ తిరిగొస్తే అది వేడి. రాకపోతే అరుగుదల.

నాకు కొంప ముంచింది పూఓన్. ఎడమకి తిరిగే ఆ పొడవాటి జంట మలుపులో భారమంతా ముందు కుడి టైరు మీద పడుతుంది. కారు తిరగట్లేదని నేను స్టీరింగ్ ఇంకా ఇంకా తిప్పేవాణ్ణి. తిప్పినకొద్దీ ఆ టైరు రోడ్డుని పట్టుకోకుండా రుద్దుకుంటూ పోతుంది. దాంతో వేడెక్కి ప్రెషర్ పెరుగుతుంది, తర్వాతి లాప్‌లో కారు ఇంకా మొండికేస్తుంది. పదో లాప్‌కి స్క్రీన్ మీద చూస్తే ముందు కుడి టైరు ప్రెషర్ ఒక్కటే మిగతా మూడింటినీ దాటి ఎగబాకి ఉండేది. ఇప్పుడు అక్కడ యాక్సిలరేటర్ కాస్త ముందే వదిలేసి, స్టీరింగ్ అలాగే పట్టుకుని, కారు దానంతట అది లోపలికి వచ్చేదాకా ఓపిక పడుతున్నాను. మొదటి లాప్‌లలో కొంచెం పోతుంది. పదిహేనో లాప్ తర్వాత వడ్డీతో సహా తిరిగొస్తుంది.

ఇక పిట్ సంగతి. తొందరగా వెళ్లి కొత్త టైర్లతో అందరినీ దాటేద్దామనే ఆలోచన టీవీలో ఎఫ్1 చూసి మనకి అంటుకున్నదే. 2019 హంగేరీ రేసులో హామిల్టన్ 48వ లాప్‌లో రెండోసారి పిట్‌కి వెళ్లాడు. దాదాపు ఇరవై సెకన్ల వెనకనుంచి తరుముకొచ్చి, 70 లాప్‌ల రేసులో 67వ లాప్‌లో వెర్‌స్టాపెన్‌ని దాటేశాడు. అంటే లాప్‌కి సగటున సెకను రాబట్టాడన్నమాట. మన గంట రేసులో పాత టైరుకీ కొత్త టైరుకీ అంత తేడా ఉండదు. ఎలాగూ ఒక పిట్ తప్పదు కాబట్టి, నేను చూసుకునేది ఒక్కటే: బయటికొచ్చాక నా ముందు ఎవరుంటారు? ముందున్న ఇద్దరు కొట్టుకుంటూ నన్ను కూడా ఆపుతుంటే, పిట్ విండో (పిట్‌కి వెళ్లడానికి రేసులో ఇచ్చే సమయం) తెరవగానే వెళ్లిపోతాను. ట్రాక్ ఖాళీగా ఉండి నా టైమ్ నిలకడగా ఉంటే ఆ విండో చివరిదాకా లాగుతాను.

పెట్రోలు లెక్క మాత్రం కాకిలెక్క వేయకండి. స్పాలో లాప్ 2 నిమిషాల 20 సెకన్లలోపు అయితే గంటకి 26 లాప్‌లు. లాప్‌కి 3.7 లీటర్లు తాగితే 96 పైచిలుకు. రేసు మొదలయ్యే ముందు వరసగా తిరిగే ఫార్మేషన్ లాప్‌కి వేరే పోస్తారా మరి? పైగా లీడర్ రెండు సెకన్లు మిగిలుండగా లైన్ దాటితే ఇంకో లాప్ ఉన్నట్టే. నేను ఒక లాప్‌కి సరిపడా అదనంగా పోస్తాను, అంతకు మించి పోయను. లీటరుకి ముప్పావు కిలో బరువు, ఊరికే మోయడమెందుకు?

అసలు రేసులు నేను పోగొట్టుకున్నది ఈ వ్యూహాల దగ్గర కాదు, పిట్ మెనూ దగ్గర. ఒకసారి మధ్యాహ్నపు వాతావరణం పెట్టుకుని, గాలి 29 డిగ్రీల్లో ప్రాక్టీస్ చేశాను. వేడెక్కాక నాలుగు టైర్ల ప్రెషరూ 26.5 పీఎస్‌ఐ దగ్గర చక్కగా కూర్చుంది. రేసు సాయంత్రం, గాలి 20 డిగ్రీలు. మొదటి సెట్టుకి ప్రెషర్ సరిచేసుకున్నాను కానీ, పిట్‌లో వేయబోయే సెట్టుకి మెనూలో పాత అంకెలే ఉండిపోయాయి. గాలి ఒక డిగ్రీ తగ్గితే సుమారు 0.1 పీఎస్‌ఐ తగ్గుతుంది కదా, నా కొత్త టైర్లు 25.6 దాటలేదు. మూడో స్థానంలో పిట్‌కి వెళ్లినవాణ్ణి, ఫాన్య మలుపుల్లో కారు ఇటు తిప్పితే అటు ఊగుతూ, పాత టైర్ల కంటే నెమ్మదిగా నడిచి ఏడో స్థానంలో తేలాను. కొత్త టైర్లు ఎక్కించుకుని అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

అప్పట్నుంచి రేసు సర్వర్‌లోకి వెళ్లగానే ముందు గాలి ఉష్ణోగ్రత చూసి, పిట్ మెనూలో నాలుగు అంకెలూ మార్చి, ఆ తర్వాతే హెడ్‌సెట్ పెట్టుకుంటాను. మా ఇంట్లో దాన్ని పూజ అంటారు.

మీరు ఈసారి రేసులో పదో లాప్ అప్పుడు నాలుగు టైర్ల ప్రెషర్లు, గాలి ఎన్ని డిగ్రీలుందో రాసుకుని ఇక్కడ పెట్టండి. ముందు కుడిదొక్కటే పైకి పోతోందా, నాలుగూ పోతున్నాయా అన్నది చూస్తే కారు సెటప్ మార్చాలో, మీరు నడిపే తీరు మార్చాలో చెప్పొచ్చు.