ఆరో తరగతికి వచ్చిన మా అబ్బాయికి ఇంగ్లీష్‌లో సొంతంగా రాయడం ఎలా వస్తుంది?

అబ్బాయి ఈ ఏడాదే హైస్కూల్లో చేరాడని, నోట్సు ముత్యాల్లా రాస్తాడని, కానీ సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే పెన్ను కదలదని, గ్రామర్ ట్యూషన్ పెట్టించాలా అని అడిగారు మీరు. వద్దండీ, ఆ డబ్బులు దాచుకోండి. పాత మెదక్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో పద్నాలుగేళ్లుగా ఆరో తరగతికి ఇంగ్లీష్ చెబుతున్నాను. మీ అబ్బాయికి గ్రామర్ సమస్య కాదు, ఆ ముత్యాల్లాంటి నోట్సే సమస్య.

ఆ నోట్సు ఎలా తయారవుతుందో చూడండి. సార్ బోర్డు మీద కొశ్చన్, ఆన్సర్ రాస్తారు, పిల్లలు దించుకుంటారు. అక్షరాలను బొమ్మల్లా గీస్తారంతే. నమ్మకం లేకపోతే వాడి నోట్సే తీసి, ఏదో ఒక ఆన్సర్ మధ్యలో వేలు పెట్టి చదవమనండి. టెక్స్ట్ బుక్ కూడా తెరవండి, ప్రతి లైను పైన పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో 'దేర్ వాజ్ ఎ కింగ్' అని రాసుకుని ఉంటాడు. క్లాసులో గడగడా చదివేది ఆ తెలుగే.

నేనూ తొమ్మిదేళ్లు అలాగే బోర్డు నింపాను. ఒక ఆడపిల్ల రాసిన ఐదు లైన్లు నన్ను మార్చాయి.

ఒంటిపూట బడులు మొదలైన వారం అది. సిలబస్ అయిపోయింది. రాత్రి మీ ఇంట్లో ఏం జరిగిందో ఇంగ్లీష్‌లో రాయండి, తప్పులున్నా పర్వాలేదు అన్నాను. దాదాపు అందరూ బట్టీ కొట్టిన 'ఐ వోక్ అప్, ఐ బ్రష్డ్ మై టీత్' రాశారు. రాత్రి సంగతి అడిగితే పొద్దున పళ్లు తోముకోవడం రాశారు, చూడండి. ఈ అమ్మాయి మాత్రం ఇలా రాసింది: 'అవర్ బోర్ నో వాటర్. నాన్న త్రీ బోర్ పుట్. యెస్టర్‌డే నైట్ ఫోర్ బోర్ పుట్. బిగ్ సౌండ్. ఐ నో స్లీప్.'

ఎర్ర పెన్ను మూత తీశాను. ఐదు లైన్లలో ఐదూ తప్పే. ఈలోపు పక్కన కూర్చున్న పిల్లవాడు తొంగి చూసి చదివాడు, చదివి గట్టిగా "నీళ్లు పడ్డయా?" అన్నాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపి "దుబ్బ లేచింది" అంది. క్లాసంతా ఇటు తిరిగింది. వాళ్లలో సగం మంది ఇళ్లలో బోరు వేసినవాళ్లే, ఎండిన బోరు అంటే ఏమిటో తెలిసినవాళ్లే. ఆ ఐదు తప్పుల వాక్యాలను ఒక పిల్లవాడు చదివి అర్థం చేసుకుని బదులు ప్రశ్న వేశాడు. అంతకుముందు తొమ్మిదేళ్లలో నేను బోర్డు మీద రాసిన ఏ ఆన్సర్‌కూ ఒక్క పిల్లవాడు ప్రశ్న వేయలేదు.

పెన్ను జేబులో పెట్టేసి, "చదువు బిడ్డా, అందరూ వింటారు" అన్నాను. ఎవరికి ఏం కావాలన్నా తెలుగులోనే అడగండి, ఇంగ్లీష్ మాట కలిసి వెతుకుదాం అని చెప్పాను. ఎన్ని ఫీట్లు వేశారు? 420. బోరు ఎక్కడ వేయాలో పాయింట్ ఎవరు చూపించారు? వాళ్ల మామ, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తుంటే ఒక చోట కాయ లేచి నిలబడిందట. జూన్ నుంచి స్టాండ్-స్టూడ్-స్టూడ్ అని వల్లె వేయించిన మాట ఆ కొబ్బరికాయ నిలబడ్డప్పుడు గానీ వాళ్లకు పనికిరాలేదు. బోరు 'పుట్' కాదు, 'డ్రిల్' అనాలి అంటే వెనక బెంచీ నుంచి "డ్రిల్ అంటే పీఈటీ సార్ చేయించేది కదా సార్" అన్నారు. బోరు బండి బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది. మర్నాడు ఆ అమ్మాయి పదకొండు వాక్యాలు రాసుకొచ్చింది. 'ది కోకోనట్ స్టూడ్ అప్. నాన్న డ్రిల్డ్. ఓన్లీ డస్ట్ కేమ్.' నాన్నను ఫాదర్ చేయలేదు, నేనూ చేయమనలేదు.

అప్పటి నుంచి మా క్లాసులో వారానికి మూడు రోజులు చదవడం, రెండు రోజులు రాయడం. చదవడానికి ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ నుంచి కథలు ప్రింట్ తీస్తాను, అవి ఉచితం, చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ దొరుకుతాయి. ముందు నేను గొంతెత్తి చదువుతాను, తర్వాత ఇద్దరిద్దరు కలిసి చదువుకుంటారు. రాసినదాంట్లో పదిహేను రోజులకు ఒక్క రకం తప్పే దిద్దుతాను. జరిగిపోయిన సంగతికి వెంట్, కేమ్, సా లాంటివి వాడారా లేదా, అంతే. మిగతావి కనిపించినా ముట్టుకోను. తప్పులన్నీ ఒకేసారి దిద్దితే మర్నాడు పిల్లవాడు రెండే లైన్లు రాస్తాడు, ఎందుకంటే రెండు లైన్లలో తప్పులు తక్కువుంటాయి కదా.

మరి టీచర్లు అందరూ ఇలా ఎందుకు చేయరు అంటే, తనిఖీకి వచ్చినవాళ్లు ప్రతి పేజీలో ఎర్ర టిక్కు ఉందా అనే చూస్తారు. నలభై మందీ ఒకే ఆన్సర్ దించుకుంటే అరగంటలో దిద్దేయొచ్చు. నలభై మంది నలభై సంగతులు రాస్తే సాయంత్రమంతా పడుతుంది. అందుకే బోర్డు ఆన్సర్లు పోవు. లైబ్రరీ పుస్తకాల సంగతీ అంతే. మంచి పుస్తకాలు వస్తాయి, ఇనుప బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పిల్లలు చింపితే స్టాక్ రిజిస్టర్‌లో జవాబు చెప్పాలని భయం. చిరిగిన పుస్తకం అంటే ఎవరో చదివిన పుస్తకమని అర్థం, దానికి సంతకం పెట్టమంటే నేను సంతోషంగా పెడతాను. 2022-23 నుంచి మా సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియం మొదలైంది. సైన్స్, సోషల్ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదుటి పేజీ తెలుగు. మంచి ఏర్పాటే, కానీ కథలు చదివే అలవాటు లేని పిల్లవాడి కళ్లు తెలుగు పేజీ దాటి ఇటు రావు.

ఇక మీ అబ్బాయి సంగతి. ఫోర్ రూల్డ్ వద్దు, మామూలు సింగిల్ రూల్డ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. రాత్రి అన్నం తిన్నాక మూడు లైన్లు, ఆ రోజు జరిగిందే రాయాలి. ఇంగ్లీష్ మాట తట్టకపోతే ఆ ఒక్క మాట తెలుగులో రాసి ముందుకు పోనివ్వండి. మీరు దిద్దకండి, కింద ఒక ప్రశ్న రాయండి, తెలుగులో రాసినా సరే, జవాబు మాత్రం వాడు ఇంగ్లీష్‌లో రాయాలి. మొదటి వారం 'ఐ వోక్ అప్' అనే వస్తుంది, కంగారు పడకండి. కరెంటు పోయి దోమలతో జాగారం చేసిన రాత్రో, చెల్లెలితో కొట్లాడిన రోజో గుర్తు చేసి, ఆ సంగతే రాయమనండి.