ఎలక్ట్రాన్‌ది ఏ విన్యాసం?

సందేహం: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం తెలుగు మీడియంలో చదువుతున్నాడు. కెమిస్ట్రీ పుస్తకంలో ‘ఎలక్ట్రాన్ విన్యాసం’ అన్న మాట చూసి, “ఎలక్ట్రాన్లు సర్కస్‌లో లాగా విన్యాసాలు చేస్తాయా అమ్మా?” అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ‘అమరిక’ అంటే సరిపోదా? కక్ష్య, ఆర్బిటాల్ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, నల్లగొండ

సమాధానం: మంచి ప్రశ్న అడిగాడమ్మా మీ అబ్బాయి. పుస్తకంలో మాట సరిగ్గానే ఉంది. దాన్ని వాడి వాడి అరగదీసింది మనమే.

విన్యాసంలో ఉన్న ధాతువు ‘అస్’. విసరడం, వేయడం దాని అర్థం. ముందు ‘ని’ చేరితే ఒక చోట ఉంచడం అవుతుంది. అదే న్యాసం. నమ్మకంతో ఒకరి దగ్గర దాచుకున్న సొమ్మును అమరకోశం న్యాసం అంటుంది. తెలుగులో దాన్నే ఇల్లడ అనేవారు. పూజలో అంగన్యాస కరన్యాసాలు మీ అబ్బాయి చూసే ఉంటాడు. మంత్రాన్ని వేళ్ల మీద, గుండె మీద, శిరస్సు మీద ఎక్కడిది అక్కడ ఉంచడమే ఆ తంతు. చెప్పదలచిన విషయాన్ని వినేవాళ్ల దగ్గరకు తెచ్చి పెడితే ఉపన్యాసం. ఉన్నదంతా దింపేసి కదిలితే సన్న్యాసం. దీన్ని ఒకే నకారంతో రాయడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. ‘సమ్’లోని మకారమే ఆ రెండో నకారమని బడిలో ఒక్కసారి చెబితే పిల్లలు మరిచిపోరు. చెప్పేవాళ్లేరీ?

ఆ న్యాసానికి ‘వి’ తోడైతే విన్యాసం. వేటికవి విడివిడిగా, ఒక క్రమంలో ఉంచడం అని అర్థం. పదవిన్యాసం అన్నామనుకోండి, పదమంటే అడుగూ అవుతుంది, మాటా అవుతుంది. గజేంద్రమోక్షంలో చెప్పకుండా బయలుదేరిన విష్ణువు వెంట లక్ష్మీదేవి పోతుంది. ఎక్కడికని అడుగుదామనుకుని వడిగా నడుస్తుంది, అడిగినా చెప్పడేమోనని ఆగిపోతుంది. పోతన ఆమెను ‘అడుగిడు నడుగిడదు’ అన్నాడు. అక్కడ తల్లి అడుగులు తడబడుతుంటే పద్యంలో మాటలు కూడా అట్లాగే తడబడుతూ నడుస్తాయి. ఒక్క కందంలో రెండు పదవిన్యాసాలు! ఆ పద్యం ఎన్నిసార్లు చదివినా నాకు తనివి తీరదు.

మరి సర్కస్ అర్థం ఎక్కడిది? సేనను వ్యూహంగా నిలపడం కూడా విన్యాసమే. సైనిక విన్యాసాలు అన్నప్పుడు ఆ వాసన ఇంకా మిగిలే ఉంది. అటునుంచే ప్రదర్శన అన్న అర్థం వచ్చి ఉంటుందని నా ఊహ. ఇక పేపర్లు, టీవీలు బైక్ స్టంట్లకూ, గాలిపటాలకూ, చివరికి రాజకీయ నాయకుల మాటలకూ ఇదే మాట తగిలించాయి. ఇంత వాడకం తర్వాత పిల్లవాడికి సర్కస్ గుర్తుకు రావడంలో వింతేముంది?

కెమిస్ట్రీ పుస్తకం పాత అర్థాన్నే పట్టుకుంది. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఏ క్రమంలో ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్పేదే ఎలక్ట్రాన్ విన్యాసం. నైట్రోజన్‌కు 7 ఎలక్ట్రాన్లు. 1ఎస్² 2ఎస్² 2పి³ అని రాస్తారు. పైన వేసిన చిన్న అంకె అక్కడున్న ఎలక్ట్రాన్ల లెక్క. 2పిలో మూడు ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు, మూడు ఎలక్ట్రాన్లు. అవి ఒక్కో దానిలో ఒక్కొక్కటిగా చేరతాయి. ఇది హుండ్ నియమం. మన పంక్తిభోజనంలో ప్రతి విస్తట్లోనూ ఒక్కో బూరె పడ్డాకే కదా మారు వడ్డన! ఆక్సిజన్‌లో ఎనిమిదో ఎలక్ట్రాన్‌తో ఆ మారు వడ్డన మొదలవుతుంది. అప్పుడైనా ఒక ఆర్బిటాల్‌లో రెండింటికి మించి పట్టవు, ఆ రెండింటి స్పిన్ (రెండే దిశలున్న ఒక గుణం) ఒకటి కాకూడదు. ఒకే పరమాణువులో ఏ రెండు ఎలక్ట్రాన్లకూ వాటి స్థితిని తెలిపే నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకేలా ఉండవని పౌలీ అనే శాస్త్రవేత్త 1925లో చెప్పాడు. అంటే ప్రతి ఎలక్ట్రాన్‌కూ తనదైన చోటు ఉంది. ‘వి’, ‘ని’, ‘అస్’ మూడూ కలిసి చెప్పేది సరిగ్గా ఇదే. ఈ మాట విప్పి చెప్పకుండా పాఠమంతా బట్టీ పట్టిస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

అలాగని ‘అమరిక’ తప్పని అనను. అమరడమంటే కుదురుకోవడం. ఎలక్ట్రాన్లను ఎవరూ తెచ్చి పెట్టరు, అవే కుదురుకుంటాయి కాబట్టి అమరికే మేలని ఎవరైనా వాదిస్తే ఆ వాదనకూ బలముంది. మీ అబ్బాయికి ఇంట్లో అమరిక అనే చెప్పండి. పరీక్షలో మాత్రం విన్యాసమని రాయనివ్వండి.

కక్ష్య, ఆర్బిటాల్ ఒకటి కావు. కక్ష్య అంటే తిరిగే దారి, 1913లో బోర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన పరమాణు నమూనాలోది. ఆర్బిటాల్ అంటే ఎలక్ట్రాన్ కనిపించే అవకాశం ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆ పేరు 1932లో మల్లికెన్ అనే శాస్త్రవేత్త పెట్టాడు. దానికి తెలుగు మాట లేదని బెంగ అక్కర్లేదు, ఆర్బిటాల్ అనే ఉంచుకుందాం. కానీ కక్ష్యలో యకారం వదలకండి. కక్ష అంటే పగ. ఉపగ్రహం ‘కక్షలో’ చేరిందని వార్తల్లో చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇంకొక్క మాట. ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న చోటు నుంచి వరసగా నిండుతాయనే ఆఫ్‌బౌ నియమం కూడా పాఠంలో ఉంటుంది. పౌలీ, హుండ్‌ల వరసలో ఆఫ్‌బౌ కూడా ఒక శాస్త్రవేత్త అని పిల్లలు అనుకోవచ్చు. అది మనిషి పేరు కాదు. జర్మన్ భాషలో కట్టడం, నిర్మాణం అని దానర్థం. ఇది కూడా మీ అబ్బాయికి చెప్పండి.