టెక్సస్‌లో తుపాకి లైసెన్స్ తీసుకుంటే ఆఫీసు, బడి, గుడి, ఇండియా ప్రయాణం సంగతేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది, డాలస్ దగ్గర ఉంటున్నారు, పిస్తోలు కొని చొక్కా కింద పెట్టుకొని తిరగడానికి లైసెన్స్ తీసుకోవాలనుకుంటున్నారు. అయితే ఆఫీసు, పిల్లల బడి, గుడి, అప్పుడప్పుడు హైదరాబాదు ప్రయాణం ఉన్నవారికి అది కుదిరే పనేనా అన్నది సందేహం.

నేనూ ఇక్కడివాణ్ణే. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన తరువాత మా తెలుగు కుటుంబాల్లో తుపాకి మాట బాగా వినిపించింది. ఆ భయం ఉత్తిది కాదు. నేను షూటింగ్ రేంజ్‌కు వెళ్ళడం మొదలుపెట్టిందీ అప్పుడే, తరువాత లైసెన్స్ తీసుకున్నాను. ఇన్నేళ్ళ అనుభవంతో చెబుతున్నాను: ఏ రోజైనా ఎక్కువ భాగం నిషేధం ఉన్న చోట్లలోనే గడిచేలా ఉంటే, ఆ రోజు తుపాకిని ఇంట్లో సేఫ్‌లో పెట్టి వెళ్ళండి. పార్కింగ్‌లో ఆగి ఉన్న కారులోని తుపాకి మిమ్మల్ని కాపాడదు. అద్దం పగలగొట్టినవాడి చేతికి చేరుతుంది.

కొనే ముందు ఇంట్లో అందరి వీసాలూ చూడండి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, శిక్ష 15 ఏళ్ళ దాకా ఉండవచ్చు. వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకొని ముందుకు వెళ్ళేవారు ముందు న్యాయవాదిని కలవాలి. మీకు గ్రీన్ కార్డు ఉన్నా, మీ ఇంట్లో ఎఫ్1 మీద చదువుకుంటున్న తమ్ముడో బావమరిదో ఉంటే సేఫ్ కోడ్ అతనికి తెలియనివ్వకండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగలిగే స్థితి కూడా అతని దగ్గర ఉన్నట్టే లెక్కకు రావచ్చు. గ్యాస్ స్టేషన్లలో రాత్రిపూట కౌంటర్ దగ్గర నిలబడే మన విద్యార్థులకు, కింద అరలో తుపాకి ఉంది, అవసరమైతే తియ్యి అని చెప్పే యజమానులున్నారని విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. దొంగ వచ్చినా రాకపోయినా ఆ పిల్లవాడి భవిష్యత్తు ఆ అరలోనే చిక్కుకుపోతుంది. గ్రీన్ కార్డు మీకూ పూర్తి రక్ష కాదు. ఆయుధాలకు సంబంధించిన నేరం రుజువైతే దేశం నుంచి పంపించివేయడానికి అదొక కారణం కాగలదు. పౌరులకు జరిమానాతో పోయే పొరపాటు మనకు అలా పోకపోవచ్చు.

2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టప్రకారం అర్హత ఉన్నవారు లైసెన్స్ లేకుండానే పిస్తోలు పెట్టుకోవచ్చు. అయినా తీసుకోమనే చెబుతాను. తరగతి నాలుగు నుంచి ఆరు గంటలు, తరువాత 50 తూటాల పరీక్ష. అసలు లాభం బడుల దగ్గర తెలుస్తుంది. బడికి వెయ్యి అడుగుల లోపు తుపాకితో ఉండకూడదని ఫెడరల్ చట్టం, ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవారికి అందులో మినహాయింపు. మన ఊళ్ళలో ఏ వీధి తిరిగినా ఒక బడి తగులుతుంది కదా. ఆ మినహాయింపు దారిన పోవడానికే. బడి భవనంలోకి తుపాకితో అడుగు పెట్టడం టెక్సస్ చట్టంలో పెద్ద నేరం.

దుకాణాల తలుపుల మీద బోర్డులు చదవడం అలవాటు చేసుకోండి. వాటి మీది అంకెలు టెక్సస్ శిక్షాస్మృతిలోని సెక్షన్ల నంబర్లు. 30.06 బోర్డు ఉంటే లైసెన్స్ ఉన్నవారు కూడా తుపాకి దాచుకొని లోపలికి రాకూడదు. అది ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, కనీసం అంగుళం ఎత్తు అక్షరాలతో ఉంటుంది. 30.07 పైకి కనిపించేలా పెట్టుకునేవారిని, 30.05 లైసెన్స్ లేకుండా పెట్టుకునేవారిని రావద్దంటుంది. పట్టించుకోకుండా వెళితే 200 డాలర్ల దాకా జరిమానా, వెళ్ళిపొమ్మని చెప్పినా కదలకపోతే ఏడాది దాకా జైలు. ఎర్ర అక్షరాల 51 శాతం బోర్డు (రాబడిలో సగానికి పైగా అక్కడే తాగే మద్యం నుంచి వచ్చే చోటు అని అర్థం) ఉన్న బారులోకి లైసెన్స్ ఉన్నా తీసుకెళ్ళకూడదు. తుపాకి బొమ్మ మీద గీత గీసిన చిన్న స్టిక్కర్‌కు 30.06 అంత బలం లేదని కొందరు వాదిస్తారు. యజమాని వద్దంటున్నాడని తెలిశాక నాకు ఆ వాదనతో పని లేదు.

గుడి విషయంలో 2019లో చట్టం స్పష్టమైంది. ప్రార్థనాస్థలం వారు వద్దని చెప్పకపోతే లైసెన్స్ ఉన్నవారు వెళ్ళవచ్చు. చట్టం ఒప్పుకున్నా నేను తీసుకెళ్ళను. సాష్టాంగపడేటప్పుడు, పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు, పంచెకట్టులో నడుము దగ్గర హోల్‌స్టర్ (తుపాకి ఒర) ఎలా నిలుస్తుందో ఆలోచించండి. ఆఫీసులో సంస్థ నిబంధనదే చివరి మాట. అయితే 2011 చట్టం వల్ల లైసెన్స్ ఉన్న ఉద్యోగి తన కారులో తాళం వేసి ఉంచుకోవడాన్ని చాలా సంస్థలు ఆపలేవు. వేలిముద్రల కోసం వెళ్ళే ఇమిగ్రేషన్ కార్యాలయం, సోషల్ సెక్యూరిటీ కార్యాలయం, ఫెడరల్ కోర్టు పూర్తిగా నిషిద్ధం. పోస్టాఫీసు నిబంధనను కొందరు కోర్టులో సవాలు చేశారు. మీరు మాత్రం దాని పార్కింగ్‌లోకి కూడా తుపాకితో వెళ్ళకండి.

కారులో ఉంచక తప్పని రోజున సీటు చట్రానికి ఉక్కు తీగతో బిగించిన లాక్ బాక్స్ వాడండి. తుపాకిని హోల్‌స్టర్‌తో సహా తీసి అందులో పెట్టండి, బయటికి లాగి సవరించడం వద్దు. పెట్టెలో పెట్టే పని ఇంటి దగ్గరే ముగించుకొని బయలుదేరండి. నలుగురూ చూస్తుండగా పార్కింగ్‌లో తీసి పెట్టడమంటే దొంగకు చిరునామా ఇవ్వడమే.

చాలా రోజులు నా జేబులో ఉండేది చిన్న పెప్పర్ స్ప్రే, ఒక టార్చిలైటు. స్వీయరక్షణకు దుకాణాల్లో అమ్మే చిన్న స్ప్రేని టెక్సస్ చట్టం నిషిద్ధ ఆయుధంగా చూడదు. బడికీ ఆఫీసుకూ సొంత నియమాలుంటాయి, అడిగి తెలుసుకోండి. గాలి ఎటు వీస్తుందో చూడకుండా కొడితే మన కళ్ళలోనే పడుతుంది కాబట్టి, నీళ్ళతో నింపి అమ్మే సాధన డబ్బాతో ఇంట్లో అందరూ ఒకసారి కొట్టి చూడాలి.

ఇక విమానాశ్రయం. 2024లో అమెరికా విమానాశ్రయాల తనిఖీల్లో 6,678 తుపాకులు దొరికాయి, వాటిలో దాదాపు 94 శాతం తూటాలు నింపినవే. రోజూ భుజానికి తగిలించుకునే సంచిలో పెట్టి మరిచిపోతే జరిగేది ఇదే. అందుకే రేంజ్‌కు తీసుకెళ్ళే సంచి వేరుగా ఉండాలి, అది ఇల్లు దాటి రేంజ్‌కు తప్ప ఎక్కడికీ వెళ్ళకూడదు.

ఇండియా ప్రయాణంలో భయం తుపాకితో కాదు, సంచి మడతలో ఇరుక్కున్న ఒక్క తూటాతో. భారత ఆయుధాల చట్టం, 1959 కింద లైసెన్స్ లేకుండా తూటా ఉండటం కూడా నేరమే. శంషాబాదులో ఎక్స్‌రేలో అది కనిపిస్తే పోలీసులు, కేసు, తప్పిపోయిన విమానం. తన దగ్గర ఉందని తెలిసి ఉంచుకోవడమే నేరమని సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో వివరించింది. దాని ఆధారంగా హైకోర్టులు ఇలాంటి కేసులు కొట్టివేసిన సందర్భాలున్నాయి. కానీ అది తేలేదాకా కోర్టు చుట్టూ తిరగాలి, మీ సెలవులేమో మూడు వారాలు. రేంజ్ సంచిని, రేంజ్‌కు వేసుకెళ్ళే జాకెట్‌ను ఇండియా సామానులో అసలు కలపకండి. పెప్పర్ స్ప్రే కూడా ఇక్కడే వదిలేయండి. మీ ఆవిడకు అక్కడ కావాలంటే హైదరాబాదులో దొరుకుతుంది, మెట్రోలో మహిళలు దాన్ని వెంట ఉంచుకోవడానికి 2019 డిసెంబరులో అనుమతి ఇచ్చారు.