ముడిఖనిజానికి ‘శుద్ధి’ తగునా?

సందేహం: ‘గనిలోంచి తీసిన ధాతువును శుద్ధి చేసి రాగి గాఢత పెంచుతారు’ అని ఒక పత్రికలో చదివాను. పాఠ్యపుస్తకంలో ఈ పనిని సాంద్రీకరణ అన్నారు. రెండూ ఒకటేనా? అసలు ధాతువంటే లోహమా, ముడిఖనిజమా?

సమాధానం: ఒకటి కావు. ఆ వాక్యంలో ‘శుద్ధి’ పొసగదు. గని రాతిలో పనికొచ్చే ఖనిజం కాస్త, పలుగురాయిలాంటి వ్యర్థం బోలెడు. ఈ వ్యర్థమే ఖనిజ మాలిన్యం. రాతిని పిండిచేసి, మాలిన్యాన్ని వీలైనంత వదిలించడం సాంద్రీకరణ. ఇందులో ఖనిజం స్వభావం మారదు, దాని పాలు పెరుగుతుందంతే.

మధ్యప్రదేశ్‌లోని మలంజ్‌ఖండ్ గనినే తీసుకోండి. అక్కడి రాతిలో రాగి నూటికి ఒక పాలు, అటూ ఇటూగా. రాతిపిండిని నీళ్లలో కలిపి, జాంథేటు అనే రసాయనం, నురగ పుట్టించే నూనె చేర్చి గాలి ఊదుతారు. జాంథేటు పట్టిన ఖనిజపు రేణువులకు నీటి తడి అంటదు. బుడగలకు అతుక్కుని నురగతో పైకి తేలతాయి. మాలిన్యం తడిసి కిందే ఉండిపోతుంది. ఇది ప్లవన ప్రక్రియ. నురగను తోడి ఆరబెట్టిన పొడిలో రాగి 20 శాతం దాటుతుంది. అయితే రాగి ఖనిజమైన చాల్కోపైరైటును ఎంత తేర్చినా 34.6 శాతానికి మించి రాగి రాదు, ఆ ఖనిజంలో ఉన్నదే అంత. మిగతాది ఇనుమూ గంధకమూ. వాటిని విడదీయడం కొలిమి పని. కొలిమి దాటిన రాగిని విద్యుద్విశ్లేషణతో 99.9 శాతం పైకి తెస్తారే, ‘శుద్ధి’ని ఆ చివరి మెట్టుకు అట్టిపెట్టాలి.

‘గాఢత’ ద్రావణాలకు నప్పే మాట. రాతికి ‘పాలు’ అన్నా ‘శాతం’ అన్నా చాలు.

ఇక ధాతువు. వ్యాకరణంలో క్రియకు మూలం, ఆయుర్వేదంలో సప్తధాతువులు సరే. చిక్కు హిందీతో: అక్కడ ‘ధాతు’ అంటే లోహం, ముడిఖనిజం ‘అయస్క్’. మన పాఠ్యపుస్తకాల్లో ముడిఖనిజమే ధాతువు. హిందీ వార్తను తెలుగు చేసేవారు ‘ధాతు’ను అలాగే దించేస్తే లోహం కాస్తా రాయి అవుతుంది. నా ఓటు ‘ముడిఖనిజా’నికే.

అన్నిచోట్లా సంస్కృతమే అక్కర్లేదు కూడా. బరువు తేడాతో నీళ్లలో వేరుచేసే పద్ధతికి ‘గాలించడం’ ఉండనే ఉంది. బియ్యంలో రాళ్లకు మనం చేసేదీ, ఏటి ఇసుకలో బంగారానికి చేసేదీ అదే. కాకపోతే బియ్యానికి అడుగుది పారేస్తాం, బంగారానికి అడుగుదే దాచుకుంటాం.

మీరు చదివిన వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: ‘ముడిఖనిజాన్ని సాంద్రీకరించి అందులో రాగి శాతం పెంచుతారు.’