నూటికి నూరు తెచ్చుకునే పాప చదరంగం బల్ల ఎందుకు మూసేసింది?

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్లు. నాలుగో తరగతి చదువుతోంది. ఏ పాఠమైనా ఒకసారి వింటే చాలు, వచ్చేస్తుంది. ఇంట్లో పుస్తకం తెరవకుండానే నూటికి నూరు తెచ్చుకుంటుంది. బడి నుంచి రాగానే ‘ఈ రోజు ఏం నేర్చుకున్నావు?’ అని అడిగితే ‘ఏమీ లేదు’ అంటుంది. లెక్కలు అందరికంటే ముందే ముగించి కూర్చుంటోందని టీచరు తోటి పిల్లల నోటుపుస్తకాలు దిద్దమని ఇస్తున్నారట. ఈమధ్య ఆదివారం సాయంత్రమయ్యేసరికి కడుపునొప్పి అంటోంది. చదరంగం నేర్పిస్తే పది రోజులు ఉత్సాహంగా ఆడింది. ఒక ఆట ఓడిపోగానే బల్ల మూసేసి మళ్లీ ముట్టుకోలేదు. డబుల్ ప్రమోషన్ అడిగి వచ్చే ఏడు నేరుగా ఆరో తరగతిలో చేర్పిద్దామని మా వారు పట్టుబడుతున్నారు. అప్పటికి మా అబ్బాయి కూడా ఆరో తరగతిలోనే ఉంటాడు. వాడిది మామూలు చదువు. ‘బాగా చదువుకుంటున్న పిల్లను ఎందుకు కదిలిస్తారు?’ అని మా అత్తగారు అంటున్నారు. నాకు ఏదీ తేలడం లేదు.

జవాబు: అమ్మా, మీరు రెండు వాక్యాల్లో చెప్పి దాటేసిన చదరంగం సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. మిగతావన్నీ అక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతున్నాయి.

బడిలో చేరిన నాటి నుంచి మీ పాపకు ‘ఇది నాకు రావడం లేదు’ అనుకోవలసిన అవసరం బహుశా ఒక్కసారి కూడా రాలేదు. తోటి పిల్లలు తీసివేతల దగ్గర తడబడ్డారు, కొట్టివేసి మళ్లీ చేశారు, ఏడ్చారు, పక్కవారిని అడిగారు, చివరకు నేర్చుకున్నారు. తడబడడం, మళ్లీ నిలదొక్కుకోవడం వాళ్లకు రోజూ జరిగే పనే. మీ పాపకు మాత్రం ఆ అనుభవం తొమ్మిదో ఏట, చదరంగం బల్ల ముందు, మొదటిసారి ఎదురైంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆ పసిమనసుకు తెలియలేదు. తెలివైనవాళ్లకు వెంటనే వస్తుంది, రాలేదంటే తెలివి లేనట్టే అని తను ఇన్నాళ్లూ చూసిన లోకం తనకు నేర్పింది. అందుకే బల్ల మూసేసింది. దాన్ని పొగరనో, నిలకడ లేకపోవడమనో అనుకోకండి. పాప భయపడింది.

ఇంత చురుకైన పిల్లలు పెద్ద తరగతులకు వెళ్లి, నిజంగా కష్టమైన పాఠం మొదటిసారి ఎదురుపడ్డ రోజున, పుస్తకాల ముందు కూర్చుని కదలలేకపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. వాళ్లకు చదవడం ఎలాగో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం అంతవరకు రాలేదు. అందుకే మీ అత్తగారి మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మార్కులు బాగున్నాయి కదా అని వదిలేస్తే ఈ భయం పాపతో పాటే పెరుగుతుంది.

ముందుగా కడుపునొప్పి సంగతి. పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. దాంతో పాటు, బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా అని మెల్లగా అడిగి తెలుసుకోండి. విసుగు వల్లనే అని ఇక్కడ కూర్చుని నేను తేల్చి చెప్పడం న్యాయం కాదు. అలాగే, నోటితో టకటకా చెప్పే పిల్ల రాయడానికి వచ్చేసరికి బాగా వెనకబడుతూ ఉంటే, చదవడంలో అక్షరాలు తారుమారు అవుతూ ఉంటే, పిల్లల మనస్తత్వ నిపుణులతో పరీక్ష చేయించండి. గొప్ప తెలివి, నేర్చుకోవడంలో ఇబ్బంది రెండూ ఒకే పిల్లలో ఉండవచ్చు. అప్పుడు ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. అలాంటిదేమీ లేకపోతే ఐక్యూ ఎంతో తెలుసుకోవాలనే తొందర అక్కర్లేదు. బడి అడిగినప్పుడు చూసుకోవచ్చు.

ఇక ఇంట్లో మాట్లాడే తీరు. ‘మా పాప ఎంత తెలివైనదో!’ అని ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట పిల్ల నెత్తిన బరువై కూర్చుంటుంది. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఐదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలను 1998లో ప్రచురించారు. పిల్లల చేత కొన్ని పజిల్స్ చేయించి, అందరికీ బాగా చేశారనే చెప్పారు. కొందరిని తెలివైనవాళ్లని, మరికొందరిని బాగా కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తరువాత ఎలాంటివి చేస్తారని అడిగితే, తెలివైనవాళ్లు అనిపించుకున్న వారిలో ఎక్కువమంది తమకు తప్పకుండా వచ్చేవే కోరుకున్నారు. కష్టపడ్డారనిపించుకున్నవాళ్లు ఎక్కువగా కొత్తగా ఏదైనా నేర్చుకోగలిగేవి కావాలన్నారు. ఆపైన అందరికీ చాలా కష్టమైనవి ఇచ్చి, మళ్లీ మొదటి రకానివే చేయించారు. తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలు ఈసారి తాము మొదట చేసినంత కూడా చేయలేకపోయారు. తమ మార్కులను ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ. పదేళ్ల పిల్లలు, ఒక్క మెచ్చుకోలు మాట నిలబెట్టుకోవడానికి అబద్ధం ఆడారు. నేను ఆ ప్రయోగం గురించి చదివి ఇన్నేళ్లయినా ఈ ఒక్క వివరం నన్ను వదలలేదు.

అలాగని రేపటి నుంచి ప్రతిదానికీ ‘ఎంత కష్టపడ్డావమ్మా’ అనడం మొదలుపెట్టకండి. ఐదు నిమిషాల్లో ముగించిన లెక్కలకు ఆ మాట అంటే, అది నిజం కాదని పాప ఇట్టే పట్టేస్తుంది. ముందు నిజంగా కష్టపడవలసిన పని చేతికి అందాలి. ఆ పని ఇవ్వడమే మీరు చేయవలసిన అసలు పని.

ఒక లెక్క చెబుతాను, ఈ రాత్రే ఇచ్చి చూడండి. ఏదైనా ఒక సంఖ్య తీసుకోవాలి. సరి సంఖ్య అయితే సగం చేయాలి. బేసి సంఖ్య అయితే మూడుతో హెచ్చించి ఒకటి కలపాలి. వచ్చినదానికి మళ్లీ అదే చేయాలి. 6తో మొదలుపెడితే 3, 10, 5, 16, 8, 4, 2, 1. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా చివరకు 1కే చేరుతుందా అన్నది ప్రశ్న. దీనికి జర్మన్ గణిత శాస్త్రవేత్త లోథార్ కొలాట్జ్ పేరు పెట్టారు. నాలుగో తరగతి పిల్లకు అర్థమయ్యే ఈ ప్రశ్నకు ఇప్పటివరకు ఏ గణిత శాస్త్రవేత్తా రుజువు చూపలేకపోయారు. పాపను 26తో చేయమనండి. పది మెట్లలో అయిపోతుంది. తరువాత 27తో చేయమనండి. 1కి చేరడానికి 111 మెట్లు పడతాయి, మధ్యలో 9,232 దాకా ఎక్కుతుంది. దారిలో ఎక్కడో ఒక కూడిక తప్పుతుంది. తప్పుతుందనే ఇవ్వమంటున్నాను. కాగితం గోడకు అంటించి, గడువు పెట్టకుండా వారం రోజులు ఉండనివ్వండి. మీరు కూడా పక్కన కూర్చుని మీ కాగితం మీద చేయండి. మీరు తప్పు చేసినప్పుడు ‘అరే, ఇక్కడ పొరపాటు పడ్డాను, నాలుగు మెట్లు వెనక్కి వెళ్లాలి’ అని పైకే అనండి. అమ్మకు కూడా తప్పులు వస్తాయని, వచ్చినా అమ్మ కూర్చునే ఉందని చూడడం పాపకు ఇప్పుడు అన్నిటికంటే అవసరం.

గణితమే కానక్కర్లేదు. వాయిద్యం, ఈత, కొత్త భాష, కుట్టుపని, ఏదైనా సరే, తెలివి ఒక్కటే చాలనిది, చేయి తిరగడానికి నెలలు పట్టేది ఒకటి ఎంచుకోనివ్వండి. ఒకటి చాలు. ఖాళీ సమయమంతా తరగతులతో నింపకండి. పిల్లకు ఏమీ చేయకుండా ఆలోచించుకునే సాయంత్రాలు కూడా కావాలి. చదరంగానికి మాత్రం బలవంతంగా లాగకండి. బల్ల కనబడే చోట ఉంచి, మీ వారూ మీరూ ఆడుతూ ఉండండి. తనంతట తానే వస్తే, ‘ఎవరు గెలిచారు?’ అని కాకుండా ‘ఏ ఎత్తు దగ్గర ఆట మారింది?’ అని అడగండి.

బడి సంగతికి వస్తే, ‘మా పాపకు మీ తరగతిలో విసుగ్గా ఉంది’ అని మొదలుపెట్టకండి. తరగతి నిండా పిల్లలను చూసుకునే టీచరుకు ఆ మాట నిందలాగే వినిపిస్తుంది, తలుపు అక్కడే మూసుకుపోతుంది. పాప ఇంట్లో తనంతట తాను చేసినవి రెండు మూడు చేతిలో పెట్టుకుని వెళ్లండి. రాసిన కథ కావచ్చు, చదివిన పుస్తకాల పట్టిక కావచ్చు, ఆ 111 మెట్ల కాగితం కావచ్చు. ఆపైన ఒక్క చిన్న కోరిక కోరండి. పాఠం చివర పెట్టే పరీక్షను మా పాపకు పాఠం మొదట్లోనే పెట్టి చూస్తారా అని. దాదాపు అంతా వచ్చేస్తే, ఆ పాఠం జరిగే సమయంలో వేరే పని ఇవ్వమనండి. ఇది గాలిలో దీపం కాదు. అమెరికాలోని కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ రెంజుల్లి, శాలీ రీస్ ఈ పద్ధతిని అభివృద్ధి చేశారు. 1993లో వెలువడిన రీస్ బృందం అధ్యయనంలో, ఎంపిక చేసిన పిల్లలకు ముందే వచ్చిన పాఠ్యభాగంలో 40 నుంచి 50 శాతం వరకు తీసేసినా వాళ్లు సామర్థ్య పరీక్షల్లో వెనకబడలేదు.

అంత వెసులుబాటు లేదంటే ఇంకా తేలికైనది ఒకటి ఉంది. అభ్యాసంలో ఇరవై లెక్కలుంటే అన్నిటికంటే కష్టమైన ఐదు ముందు చేయనివ్వాలి. అవి సరిగ్గా వస్తే మిగతా పదిహేను మాఫీ. మిగిలిన సమయంలో వేరే లెక్కలు ఇవ్వవచ్చు. వేరేవి అనే మాటను గట్టిగా చెప్పండి. త్వరగా ముగించినందుకు అవే లెక్కలు మరో ఇరవై ఇస్తే, పాప నెమ్మదిగా చేయడం నేర్చుకుంటుంది.

నోటుపుస్తకాలు దిద్దించడం మాత్రం ఆపమని వినయంగానే అయినా స్పష్టంగా అడగండి. టీచరు మంచి ఉద్దేశంతోనే ఇచ్చి ఉంటారు. కానీ తోటి పిల్లల తప్పుల కింద ఎర్రగీత పెట్టే పిల్లతో ఆటస్థలంలో ఎవరు కలుస్తారు? పైగా తప్పు అంటే ఇతరులు చేసేదని రోజూ సాధన చేయిస్తున్నట్టవుతుంది. ఆదివారం సాయంత్రపు నొప్పికి ఇదీ ఒక కారణం కావచ్చని నా అనుమానం.

డబుల్ ప్రమోషన్ విషయంలో మీ వారి ఆలోచన తీసిపారేయదగ్గది కాదు. తరగతి దాటిస్తే పిల్లలు మానసికంగా దెబ్బతింటారని చాలామంది భయపడతారు. గణితంలో అసాధారణ ప్రతిభ ఉన్న పిల్లల మీద జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. ఆ పిల్లల్లో పదహారు వందల మందికి పైగా యాభయ్యో ఏటికి చేరాక పరిశీలిస్తే, చదువులో ముందుకు జరగడం వల్ల మనశ్శాంతి దెబ్బతిన్న జాడ కనిపించలేదు. అయితే వాళ్లు నూటికి ఒక్కరుగా ఎంపికైన పిల్లలు. పైగా మీ ఇంట్లో పరిస్థితి వేరు. తరగతి దాటించవచ్చా లేదా అని తేల్చడానికి అమెరికాలో చాలా బడులు అయోవా విశ్వవిద్యాలయ నిపుణుల కొలమానాన్ని ఏళ్లుగా వాడుతూ వచ్చాయి. పిల్లకు ఇష్టం లేకపోయినా, వెళ్లబోయే తరగతిలో తోబుట్టువు ఉన్నా తరగతి దాటించవద్దని అది చెబుతుంది. మిగతా అన్నీ అనుకూలంగా ఉన్నా సరే. చెల్లెలు వచ్చి తన పక్క బెంచీలో కూర్చుని తనకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటే, ఆ పిల్లవాడి రోజులు ఎలా గడుస్తాయో ఒకసారి ఊహించండి. కాబట్టి ఇప్పుడు వద్దు. గణితం ఒక్కటే పై తరగతి పుస్తకంతో, తన తరగతిలోనే కూర్చుని చేసుకునే ఏర్పాటు అడగండి. మీ వారికి ఈ కారణం చెబితే అర్థం చేసుకుంటారనే నా నమ్మకం. ఆయన తపన కూడా కూతురి మీద ప్రేమతోనే కదా.

మీ ఉత్తరంలో బాబు గురించి ఉన్నది ఒక్కటే మాట, ‘వాడిది మామూలు చదువు’ అని. ఆ మాట ఇంట్లో అతని చెవిన పడి ఉంటుందని నాకు దిగులుగా ఉంది. పాప కోసం మీరు ఇవన్నీ మొదలుపెట్టేముందు బాబుతో విడిగా కూర్చోండి. చెల్లెలికి కష్టమైన పని అలవాటు చేయాలనుకుంటున్నామని, ఓడిపోతే తట్టుకోవడం తనకు ఇంకా రాదని అతనికే చెప్పండి. తడబడి మళ్లీ లేవడం అతను ఏనాడో నేర్చుకున్నాడు. ఆ విద్యలో ఇంట్లో అతనే పెద్దవాడు, ఆ మాట అతనితో అనండి. రోజూ ఒక అరగంట అతనికి ఇష్టమైన పనిలో మీరో, మీ వారో తోడు కూర్చోండి. ఆ అరగంటలో చెల్లెలి ప్రస్తావన రానివ్వకండి.