ముందు రేకు చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత ఆర్చర్డ్ ట్రాక్టర్ల గురించే. పండ్లతోటల్లో కొమ్మల కింద దూరి తిరగడానికని చేసిన, వెనక చక్రాల మీదుగా రేకు కప్పుకున్న పొట్టి ట్రాక్టర్లు అన్నమాట. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: ఒక ప్రకటనలో "ఒరిజినల్ ఆర్చర్డ్ మోడల్" అని రాశారు. ఫొటోలో చూస్తే మామూలు పాత ట్రాక్టరులాగే ఉంది. నిజమైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

ముందు అది అలా ఎందుకు ఉంటుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కొమ్మకు తగిలేది ఏదీ పైకి పొడుచుకు రాకూడదు, అంతే సూత్రం. అందుకే సైలెన్సర్ గొట్టం బానెట్ మీద నిలబడకుండా కిందనుంచి వెనక్కి పోతుంది, సీటు వెనక చక్రాల మధ్యలోకి దిగిపోతుంది, స్టీరింగు కూడా దానితోపాటే కిందికి వస్తుంది. పెట్రోలు మూత, రేడియేటర్ మూత రేకు చాటున ఉంటాయి. వెనక చక్రాల మీద పెద్ద మడ్‌గార్డులు ఉండేది కొమ్మ చక్రంలో ఇరుక్కుని చిట్లకుండా, కాయలు రాలకుండా. 1936 నుంచి 1940 దాకా వచ్చిన జాన్ డీర్ ఏఓఎస్ ఫొటో ఒకటి వెతికి చూడండి, ఇదంతా ఒక్క చూపులో అర్థమవుతుంది.

అయితే మడ్‌గార్డులు లేవని వెంటనే దొంగ సరుకు అనుకోకండి. మెక్‌కార్మిక్ ఓ-4 కి తోడుగా ఓఎస్-4 అని ఒకటి వచ్చేది, దానికి కప్పు రేకులు ఉండవు, సైలెన్సర్ మాత్రం కిందే ఉంటుంది, సీటూ కిందే. అది అలాగే పుట్టింది. మరోవైపు మామూలు జాన్ డీర్ ఏఆర్‌కి ఎక్కడివో రేకులు బిగించి దాని ఆర్చర్డ్ మోడలైన ఏఓ అని అమ్మేవాళ్లూ ఉంటారు, ఆ రెండూ దగ్గరి బంధువులే కాబట్టి. రేకు బిగించిన బోల్టు రంధ్రాలు చూడండి. ఫ్యాక్టరీ రంధ్రం నున్నగా, వరసలో ఉంటుంది. గ్యాస్ కటింగుతో పెట్టిన రంధ్రం చుట్టూ ఇనుము కరిగి గడ్డకట్టిన అంచు పెయింటు కింద కూడా చేతికి తగులుతుంది.

నంబరు ప్లేటు చదవడం కూడా వచ్చి ఉండాలి. 1946 నుంచి 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన ఫెర్గూసన్ టీఈ20 సంగతే తీసుకోండి: టీఈఏ20 అంటే మామూలు పెట్రోలు బండి, టీఈసీ20 అంటే అదే ఇంజిన్‌తో తక్కువ వెడల్పు బండి, టీఈకే20 అంటే ద్రాక్షతోటల కోసం ఇంకా సన్నగా చేసింది. మధ్యలో ఉన్న ఆ ఒక్క అక్షరం మీదే బేరమంతా. ప్లేటు కొత్తగా మెరుస్తూ, దాని చుట్టూ రేకు మాత్రం పాతగా ఉంటే అమ్మేవాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: అసలు ఇవి ఎక్కడ దొరుకుతాయండీ? వేలాల్లో చూస్తే అన్నీ రంగులేసి మెరిపించినవే.

మెరిసేవాటిని వదిలేయండి. పుట్టీ కింద ఏముందో అమ్మేవాళ్లకే తెలియదు ఒక్కోసారి. పాత తోట కొట్టేసి వేరే పంట వేస్తున్నారంటే ఆ షెడ్డు వెనక ఒకటి ఉండే అవకాశం ఎక్కువ. మందు కొట్టే యంత్రాలు రిపేరు చేసే పాత మెకానిక్కులను అడగండి, ఏ తోటలో ఏ బండి ఉండేదో వాళ్లకు నోటికి ఉంటుంది. ప్రకటనల్లో అయితే "ఆర్చర్డ్" అని వెతికితే ధర పెంచి పెట్టినవే కనిపిస్తాయి, ఉత్త కంపెనీ పేరుతో వెతికి ఫొటోలు చూడండి. సైలెన్సర్ ఎక్కడుందో చూడటం అలవాటైతే చాలు. పాడైపోయిన బండి పక్కన గడ్డిలో పడి ఉన్న రేకు ముక్కలు కూడా ఏరుకోండి, అవే దానివి కావచ్చు.

ప్రశ్న: రెండు ఓ-4లు చూశాను. ఒకటి చక్కగా నడుస్తోంది కానీ మడ్‌గార్డులు, పక్క రేకులు ఏమీ లేవు. రెండోదానికి రేకులన్నీ ఉన్నాయి, సొట్టలు పడ్డా ఉన్నాయి, ఇంజిన్ మాత్రం సీజ్ అయింది, లోపల బిగుసుకుపోయి తిరగడం లేదు. మా మెకానిక్ మొదటిదే తీసుకోమంటున్నాడు.

మీ మెకానిక్‌కి ఇంజిన్ కనిపిస్తుంది, నాకు రేకు కనిపిస్తోంది. రెండోదే తీసుకోండి.

ఓ-4లో ఉన్నది అదే కంపెనీ మామూలు పొలం ట్రాక్టరు ఫార్మాల్ హెచ్‌లో ఉన్న ఇంజినే. ఫార్మాల్ హెచ్ మూడు లక్షలకు పైగా తయారైంది, కాబట్టి పిస్టన్లు, స్లీవులు, గాస్కెట్లు, వాల్వులు ఈ రోజుకీ కొత్తవి దొరుకుతాయి. మీ బండి మడ్‌గార్డు మాత్రం మీ మోడల్‌కి తప్ప దేనికీ సరిపోదు. అవి ఎందుకు మాయమయ్యాయంటే, బురద పేరుకుపోతోందనో, చక్రం విప్పాలంటే అడ్డమనో, తోట తీసేశాక ఇక అవసరం లేదనో విప్పి పక్కన పడేశారు, ఆ పక్కన పడేసినవి పాత ఇనుముకు పోయాయి. ఒరిజినల్ రేకు పూర్తిగా ఉన్న బండి, అది నడవకపోయినా సరే, నాకు నడిచేదానికంటే ముఖ్యం.

ఒక్క షరతు. సీజ్ అవడం వేరు, బ్లాకు పగలడం వేరు. నీళ్లు తీయకుండా చలికాలం వదిలేస్తే ఆ నీళ్లు గడ్డకట్టి బ్లాకును చీల్చేస్తాయి. మానిఫోల్డు కింద, బ్లాకు పక్కగోడ మీద పొడుగ్గా గీతలాగా తుప్పు కారినట్టుందా, అక్కడ ఎవరో ఎంసీల్‌లాంటిది పూసి రంగేశారా అని టార్చి వేసి చూడండి. ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూస్తే పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. అప్పుడు వదిలేయండి.

సీజ్ అయిన ఇంజిన్‌కి ఎవరైనా "గేర్లో వేసి లాగేద్దాం" అంటే మాత్రం వినకండి. రింగులు విరుగుతాయి, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, అప్పటిదాకా తుప్పు పనిగా ఉన్నది ఇనుప పని అయిపోతుంది. ప్లగ్గులు విప్పి, ఏటీఎఫ్‌లో (ఆటోమేటిక్ గేర్‌బాక్సులో పోసే ఆయిల్) అంతే అసిటోన్ కలిపి ప్రతి సిలిండర్‌లో కొద్దిగా పోసి, రోజులు కాదు వారాలైనా సరే వదిలేయండి, ఎప్పటికప్పుడు కాస్త పోస్తూ ఉండండి (నిప్పు దగ్గరికి రానివ్వకూడదని వేరే చెప్పాలా). తర్వాత ముందుకో వెంట్రుకంత, వెనక్కో వెంట్రుకంత కదపడమే. జాన్ డీర్ రెండు సిలిండర్ల బండ్లకు ఇది ఇంకా సులువు: సిలిండర్ల మీద ఉండే చిన్న కుళాయిలు తెరిచేస్తే కంప్రెషన్ పోతుంది, పక్కనే బయటికి కనిపించే ఫ్లైవీల్‌ని చేత్తోనే తిప్పొచ్చు. కదిలిందని సంబరంతో వెంటనే స్టార్ట్ చేయకండి, వాల్వులు ఇరుక్కుని ఉంటే పుష్‌రాడ్లు వంగుతాయి. వాల్వు కవర్ తీసి, ఇంజిన్ తిప్పుతూ ఒక్కొక్క వాల్వూ దిగి పైకి వస్తోందో లేదో చూడండి.

చిన్న ముచ్చట: సైలెన్సర్ కిందికి ఉండటం వల్ల నిలువు గొట్టంలోంచి దిగినంత వాన ఈ బండ్లలోకి దిగదు. దానికి బదులు ఆ గొట్టంలో ఎలుకలు కాపురం పెడతాయి. ముందు అది విప్పి దులపండి.

ప్రశ్న: బండి ఇంటికొచ్చింది. ఒళ్లంతా తెల్లగా, బూడిదరంగులో పెచ్చులు కట్టి ఉంది. ఇసుక కొట్టించి ఇనుము కనబడేదాకా తీసేద్దామనుకుంటున్నాను.

ఆగండి! ఈ కాలమ్‌లో మిగతా అన్నీ మర్చిపోయినా ఫరవాలేదు కానీ ఇది చదవండి.

మామూలు ట్రాక్టరు మీద మట్టీ గ్రీజూ ఉంటాయి. ఆర్చర్డ్ ట్రాక్టరు బతుకంతా మందు కొట్టే యంత్రాన్ని లాగింది. 1890ల నుంచి డీడీటీ వచ్చిన 1940ల చివరి దాకా చాలా దేశాల ఆపిల్ తోటల్లో కాయ తొలిచే పురుగుకు కొట్టిన ముఖ్యమైన మందు లెడ్ ఆర్సెనేట్. అంటే సీసం, ఆర్సెనిక్ రెండూ. ఈ రెండూ కాలంతోపాటు విరిగిపోయే మందులు కావు, అవి మూలకాలు, ఎక్కడ పడ్డాయో అక్కడే ఉంటాయి. ఆ కాలంలో తిరిగిన మీ బండి మడ్‌గార్డు లోపలి మడతలో, సీటు కింద గ్రీజుతో కలిసి గట్టిపడిన ఆ పెచ్చులో అది ఉండొచ్చు. దాని కింద పాత పెయింటులో సీసం ఉండే అవకాశం ఎలాగూ ఉంది. దీనికి ఇసుక కొట్టినా, గ్రైండర్‌కి వైరు బ్రష్ తగిలించి తిప్పినా అదంతా పొడి అయి మీ ముక్కులోకి పోతుంది, బట్టలమీద ఇంట్లోకి వస్తుంది.

పొడిగా గీకకండి, తడిపి గీకండి. కింద మందపాటి ప్లాస్టిక్ షీటు పరిచి, గ్రీజు పోయే సబ్బునీళ్లు స్ప్రే చేసి, పెచ్చు మెత్తబడ్డాక ప్లాస్టిక్ గరిటెతో తీయండి. ప్రెషర్ వాషర్ వద్దు, అది తుంపరలుగా చిమ్ముతుంది. దుమ్ముకు పెట్టుకునే గుడ్డ మాస్కు చాలదు, పీ100 ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. ఆ నీళ్లు, ఆ పెచ్చులు కూరగాయల మడిలోకో మురుక్కాల్వలోకో పోనివ్వకుండా డబ్బాలో పట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి. పని బట్టలు విడిగా ఉతకండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. బ్రేకు డ్రమ్ములు, క్లచ్చు విప్పినప్పుడు లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అదీ తడిపే తుడవాలి.

పెచ్చు కింద బయటపడిన పాత పెయింటు బాగానే ఉంటే దాన్ని ఉంచేయమంటాను. అరిగిన చోట అరిగినట్టుగా ఉన్న బండి నాకు కొత్త కారులా మెరిసేదానికంటే ఇష్టం. ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉంటారు, వాళ్ల బండి వాళ్లిష్టం.

ప్రశ్న: రేకు సొట్టలు తీసి, తుప్పు వదిలించడం ఎలా? ఒకవైపు మడ్‌గార్డు అంచు పూర్తిగా తినేసింది.

చిన్న భాగాలకు ఎలక్ట్రాలిసిస్‌ని మించింది లేదు. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, నాలుగు లీటర్లకు ఒక పెద్ద చెంచా చాకలి సోడా, పాత పద్ధతి బ్యాటరీ చార్జరు ఒకటి. నెగటివ్ క్లిప్పు మీ భాగానికి, పాజిటివ్ క్లిప్పు పనికిరాని ఇనుప ముక్కకు. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. తిరగేసి పెడితే మీ భాగాన్నే తినేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క మాత్రం పెట్టొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట చేయండి, తొట్టిలో చెయ్యి పెట్టేముందు కరెంటు ఆపండి. రాత్రంతా ఉంచి తీస్తే తుప్పు నల్లటి మెత్తని పొరగా మారి వేలితో తుడిస్తే వస్తుంది, కింద రేకు మీద ఫ్యాక్టరీ వాళ్ల గీతలు కూడా కనిపిస్తాయి. కడిగి ఆరబెట్టి అదేరోజు ప్రైమర్ కొట్టేయండి, తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. మడ్‌గార్డంత పెద్దదానికి చెక్క ఫ్రేములో ప్లాస్టిక్ షీటు పరిచి తొట్టి చేసుకోవచ్చు. పాత పెయింటు కూడా ఊడుతుంది కాబట్టి పైన చెప్పిన జాగ్రత్తలే ఆ నీళ్లకూ.

తినేసిన అంచుకు రెండోవైపు మడ్‌గార్డే మీ నమూనా. దాని మీద అట్ట పరిచి గీసుకుని, ఆ అట్టను తిరగేస్తే ఇవతలి వైపు కొలత వచ్చేస్తుంది. అంచు లోపల తీగ పెట్టి చుట్టి ఉందా, ఉత్తగా మడిచారా అన్నది చూసి అలాగే చేయించండి. మంచి టింకరింగ్ మనిషికి ఇది కష్టమేమీ కాదు, కానీ సొట్టలన్నీ పుట్టీతో నింపేసే మనిషికి ఇవ్వకండి. ఇంజిన్ అదురుకు ఆ పుట్టీ పెచ్చులుగా రాలుతుంది.

ప్రశ్న: వెనక రిమ్ములు వాల్వు దగ్గర తెల్లగా పొడి కట్టాయి. మార్చాలా?

బరువు కోసం ట్యూబుల్లో కాల్షియం క్లోరైడ్ నీళ్లు పోసేవారు, అది కారి రిమ్మును లోపల్నుంచి తినేస్తుంది. టైరు విప్పించి చూస్తే తప్ప తెలియదు. కొద్దిగా తింటే వాల్వు చుట్టూ ముక్క వెల్డింగ్ చేయించండి, చెయ్యి దూరేంత కన్నముంటే మార్చేయండి.

ప్రశ్న: బాగుచేయడం అయిపోయింది. వెడల్పుగా ఉన్నాయి కదా అని మా మనవలు మడ్‌గార్డు మీద కూర్చుని ఒక రౌండు వేయమంటున్నారు.

వద్దండీ. ఆ రేకు కొమ్మలు జారిపోవడానికి వంచింది, అందుకే మనుషులూ జారిపోతారు, జారితే పడేది వెనక చక్రం పక్కనే. బోల్తాపడితే కాపాడే కడ్డీ ఈ బండ్లకు లేదు. బండి ఆపి, ఇంజిన్ ఆర్పి, గేర్లో వేసి, సీటు మీద కూర్చోబెట్టి ఫొటో తీయించండి. మీరు నడిపేటప్పుడు కూడా ఏదైనా లాగాల్సి వస్తే గొలుసు డ్రాబారుకే, అంటే వెనక కింద లాగడానికని ఉండే కడ్డీకే తగిలించండి. సీటు కింద, యాక్సిల్ మీద తగిలిస్తే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది, క్లచ్చు తొక్కే వ్యవధి కూడా ఉండదు.